గట్టున నిలబడి వేసే కేక



ఆటలో ఆడేవాళ్లు పదిమందయితే, గట్టున నిలబడి గొంతు చించుకునేవాళ్లు వెయ్యిమంది వుంటారు. ఈ కేకలు, ఈ రంగుల జెండాలు ఎలా మొదలయ్యాయో ఎప్పుడయినా ఆలోచించారా? వీటి వెనుక పందొమ్మిదో శతాబ్దపు అమెరికా కళాశాలల కథ వుంది. ఆ కథలో ఆడవాళ్ల గొంతు ఎక్కడ వినిపించిందో యీ రోజు చెప్పుకుందాం.

1852లో హార్వర్డు, యేల్ కళాశాలల కుర్రాళ్లు విన్నిపెసాకీ అనే సరస్సు మీద పడవ పందెం వేసుకున్నారు. ఆ దేశంలో రెండు కళాశాలల నడుమ జరిగిన మొదటి ఆటపోటీ అదే. హార్వర్డు గెలిచింది. అయితే దూరాన పోయే పడవల్లో మనవాళ్లది ఏదో పోల్చుకోవడం ఎలా? అందుకని 1858లో జరిగిన పందేలకు హార్వర్డు కుర్రాళ్లు ఎర్రటి పట్టు చేతిరుమాళ్లు కొని కట్టుకున్నారు. గుర్తు కోసం కట్టుకున్న ఆ గుడ్డ రంగే చివరికి కళాశాల రంగయి కూర్చుంది!

1869 నవంబరు 6న రట్గర్సు, ప్రిన్స్‌టన్ జట్లు ఫుట్‌బాల్ ఆడాయి. ఒక్కో వైపు 25 మంది. రట్గర్సువాళ్లు కొందరు ఎర్ర తలపాగాలు చుట్టుకు వచ్చి, 6-4తో గెలిచారు. ప్రిన్స్‌టన్ ఆటగాళ్లు ఆడుతూనే పెద్దగా కేకలు పెట్టేవారట. దాంతో పరుగెత్తడానికి ఊపిరి చాలక, తరువాతి ఆటకు ఆ పని గట్టున వున్న తోటి విద్యార్థులకు అప్పగించారని చెబుతారు. పోనుపోను ప్రతి కళాశాలకూ తనదంటూ ఒక కేక ఏర్పడింది. యేల్ విద్యార్థులయితే ప్రాచీన గ్రీకు నాటకంలోని కప్పల బెకబెకలనే తమ కేక చేసుకున్నారు.

1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు జట్టు ఓటములతో కుంగిపోయి వుంది. అప్పుడు జానీ కాంప్‌బెల్ అనే విద్యార్థి జనం ముందుకు వచ్చి నిలబడి, అందరిచేతా ఒక్క గొంతుతో కేక వేయించాడు. ఆ ఆట మిన్నెసోటా గెలిచింది. గెలిచినవాడిని పొగడటానికి అందరూ వస్తారు. ఓడుతున్నవాడి పక్కన నిలబడి అరవడంలోనే వుంది అసలు మమకారం.

మరి ఆడవాళ్లో? రంగు రిబ్బన్లు కట్టుకోవచ్చు, చేతిరుమాలు వూపవచ్చు. నలుగురిలో గొంతెత్తి అరవడం మాత్రం మర్యాద కాదనేవారు. 1893లో స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు ఆడపిల్లలచేత బాస్కెట్‌బాల్ పోటీ ఆడించింది. మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. 1896 ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డు, బర్కిలీ ఆడపిల్లల జట్లు తలపడినప్పుడు చూసినవాళ్లు సుమారు 700 మంది, అందరూ ఆడవాళ్లే. స్టాన్‌ఫర్డు 2-1తో గెలిచింది. ఆ రోజున ఆడేవాళ్లూ వాళ్లే, కేకలు వేసేవాళ్లూ వాళ్లే.

కాని ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. 1899లో స్టాన్‌ఫర్డు పెద్దలు ఆడపిల్లల జట్లు బయటి కళాశాలలతో పోటీ చెయ్యకూడదన్నారు. మిన్నెసోటాలో కేకలు వేయించే బృందంలోకి ఆడపిల్లలు అడుగుపెట్టింది 1923లో. అదీ మగపిల్లల ఆటలోనే! మగపిల్లల గెలుపుకోసం అరవడానికి ఒప్పుకున్న లోకం, ఆడపిల్లల ఆట చూసి అరవడానికి మరెన్నో ఏళ్లు తీసుకుంది.

కేక అంటే వట్టి గోల కాదమ్మా. "నువ్వు మాదానివి, మేం నీ వెనుక వున్నాం" అని పదిమంది ఎదుట చెప్పడం. అబ్బాయి ఆటకు ఇంటిల్లిపాదీ బయలుదేరినట్టే, అమ్మాయి ఆటకూ బయలుదేరండి. గెలిచినా ఓడినా ఆమెకు మీ గొంతు వినిపించాలి.

సెలవు.