ఏ మిషను ముందు కొనాలి?



ఈ రోజు వడ్రంగి పని గురించి మాట్లాడుకుందాం. ఇంటి పంచలోనే పని చేసుకునే వడ్రంగులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. బాడిస, ఉలి, రంపం, చిత్రిక - ఇవే వారి ఆస్తి. ఇప్పుడు కరెంటు మిషన్లు వచ్చాయి. పట్నంలో కొట్టు ముందు నిలబడితే అన్నీ కొనాలనిపిస్తుంది. అన్నీ ఒకేసారి కొంటే ఏమవుతుంది? అప్పు పెరుగుతుంది. సగం మిషన్లు మూలన పడతాయి. అప్పు చేసి పప్పు కూడు మనకొద్దు.

మరి ఏది ముందు కొనాలి? గడిచిన మూడు నెలల్లో చేసిన పనులు ఒక కాగితం మీద రాయండి. ఏ పనికి ఎక్కువ పొద్దు పట్టింది? ఏ పనికి ఒళ్లు ఎక్కువ నొచ్చింది? ఆ పని చేసే మిషనే ముందు కొనండి.

చాలామందికి మొదట అక్కరకొచ్చేది డ్రిల్లు మిషను. బెజ్జాలు వేస్తుంది. వేగం తగ్గించుకునే వీలు, వెనక్కి తిప్పే వీలు ఉన్నదైతే మరలు బిగించడానికి, ఊడదీయడానికీ పనికొస్తుంది. చట్రానికి గాడి తొలిచేటప్పుడు ముందు డ్రిల్లుతో వరుసగా బెజ్జాలు వేయండి. తర్వాత ఉలితో సరిచేయండి. పని తొందరగా తెములుతుంది. అందుకే ఉలిని అమ్ముకోవద్దు.

ప్లైవుడ్డు, పలకలు ఎక్కువ కోసేవారికి గుండ్రటి రంపం మిషను కావాలి. తలుపులు, కిటికీలు చేసేవారికి చిత్రిక మిషను కావాలి. మిగతావి పని వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

కొనే ముందు మిషను మీది అంకెలు చదవండి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. మిషను కూడా దానికి సరిపోవాలి. వాట్లు చూడండి. 500 వాట్ల మిషను రెండు గంటలు పూర్తిగా పని చేస్తే 1 యూనిట్ కాలుతుంది. చదరంలో చదరం గుర్తు ఉంటే షాక్ కొట్టకుండా రెండు పొరల రక్షణ ఉన్నట్టు. ఆ గుర్తు లేకపోతే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు తప్పనిసరి.

ఆర్.పి.ఎం. అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. రంపం బిళ్ల మీద కూడా అది ఉంటుంది. బిళ్ల అంకె మిషను అంకె కంటే తక్కువ ఉండకూడదు. మిషను మీద 12,000, బిళ్ల మీద 6,000 ఉంటే ఆ బిళ్ల వేయకండి. పగిలి మీదికి రావచ్చు.

చవకని కొందరు రాయి కోసే మిషనుకు చెక్క బిళ్ల తగిలిస్తారు. చెక్క రంపానికి కోత కాగానే బిళ్లను కప్పే మూత ఉంటుంది. రాయి మిషనుకు అది ఉండదు. వేలు మిగుల్చుకోబోయి వేలు పోగొట్టుకోవద్దు.

బిళ్ల మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయండి. మెడలో తువ్వాలు, వేలాడే చేతులు వద్దు. ముక్కుకు మాస్కు కట్టండి. చెక్కపొడి వల్ల ముక్కు లోపల క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెప్పింది.

ఇక డబ్బు సంగతి. 2023 సెప్టెంబరులో కేంద్రం పి.ఎం. విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులోని 18 చేతివృత్తులలో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, మొదటి విడతగా లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి. దరఖాస్తు సంగతి కామన్ సర్వీస్ సెంటరులో అడగండి. ఏ కాగితమైనా చదివాకే సంతకం చేయండి. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఎన్ని నెలలు - ఈ మూడూ చూడండి.

మీరు పలక మీద దిద్దిన అంకెలే మిషను మీదా, అప్పు కాగితం మీదా ఉంటాయి. ఎవరో చదివి చెప్పాలని చూడకండి. మీరే చదవండి. అర్థం కానిది అడగండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.