గాంధీ కర్రను చూశాం, కాగితాన్ని ఎవరు చూస్తారు?



వేటపాలెం సారస్వత నికేతనం గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాం.

1918లో పెట్టారు దీన్ని. పెట్టింది సర్కారు కాదు, జమీందారూ కాదు. నేతగాళ్ల ఊళ్లో వి.వి. శ్రేష్టి, ఆయన వెంట నడిచిన యువకులు. పక్కనే చీరాల. మునిసిపాలిటీ పన్ను కట్టబోమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లొదిలి పాకల్లోకి పోయిన చీరాల! 1929లో గాంధీ వచ్చి ఈ భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడిది గుంటూరు జిల్లా. 1970లో ప్రకాశంలో కలిసింది, 2022లో బాపట్లకు పోయింది. జిల్లాలే మారాయి, ఊరు కదల్లేదు.

గాంధీ చేతికర్ర ఇక్కడ భద్రంగా ఉంది. వచ్చినోళ్లు దాన్ని చూసి దండం పెట్టి పోతారు. తప్పులేదు. మా గొడవ మాత్రం కాగితం గురించి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంపుటాలున్న చోటిది. పత్రికల కాగితంలో ఆమ్లం ఉంటుంది. దానంతట అదే పసుపెక్కుతుంది, పెళుసెక్కుతుంది, పేజీ తిప్పితే పొడి రాలుతుంది. పైగా సముద్రపు తేమ, మన ఎండలు. ఇట్లాంటి భవనానికి కప్పు ఒకచోట కారిందంటే ఒక ఏడాది చరిత్ర తడిసినట్టే. స్కానింగ్ ఎంత అవసరమో కప్పూ అంతే అవసరం.

డబ్బెక్కడిదంటారా? ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నదే. అది గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరటం లేదన్నది ఏళ్లనాటి ఫిర్యాదు. ఆనాడు చీరాలవాళ్లు పన్నెందుకని అడిగారు. మనం, కట్టిన పన్నేదని అడగాలి. రేపు వచ్చేటప్పుడు మీ ఇంటిపన్ను రసీదు పట్టుకురండి.