మజిలీ కథలును నిత్యజీవితమును
(సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాయలు, మంత్రములు, మాటలాడు చిలుకలు గల కథలను గూర్చి పెద్దలలో ఒక అభిప్రాయము స్థిరపడియున్నది. అవి పనిలేనివారి కాలక్షేపమనియు, బ్రతుకు బాధలనుండి తప్పించుకొను దారి యనియు అనుచుందురు. ఇనుము కరగించు భిలాయి వంటి ఊరిలో, షిఫ్టును బట్టి నిద్రించి షిఫ్టును బట్టి మేల్కొను ఉద్యోగులకు ఈ కథలతో నేమి పని యని యడుగుట సహజమే. అడిగినవారు ముందుగా కాశీమజిలీ కథల యేర్పాటును జ్ఞాపకము చేసికొనవలెను.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి ఆ గ్రంథములో మణిసిద్ధుడను యతి కాశికి పోవలెను. తోడు వచ్చువాడు ఒక గోపబాలుడు. ఆ పిల్లవాడు ఊరక రాడు. దారిలో తనకు వింతగా తోచినదానిని గూర్చి అడిగినప్పుడెల్ల దాని కథ చెప్పవలెననియు, చెప్పనిచో వెనుకకు మరలిపోదుననియు షరతు పెట్టెను. యతి యొప్పుకొనెను. పిమ్మట ప్రతి మజిలీలోను ఇదే వరుస: నడక, భోజనము, పిల్లవాడు ఊరు తిరిగి చూచివచ్చిన యొక వింత, దానికి సమాధానముగా ఒక కథ. 12 భాగముల గ్రంథము ఈ యొక్క షరతుపై నడచినది. కథ వినుట పశుల కాపరికి కూలిలో భాగము! దీక్షితులుగారి వర్ణనలు నేటి పాఠకునికి దీర్ఘముగా తోచును. కథలో కథ చొచ్చి, అందులో మరియొకటి చొచ్చి, మొదటి రాజకుమారుడు ఏ సంకటములో నుండెనో మరపు వచ్చును. అయినను ఆ షరతు మాత్రము ఎన్నడును సడలదు.

ఇట్టి కథలలో మరల మరల కనబడు పాత్రలను విమర్శకులు "మూస" యని త్రోసివేయుదురు. ఫౌండ్రీలో పనిచేయువానికి మూస యనునది తిట్టు కాదు. అది లేనిదే కరగిన లోహము నిలువదు. పేదరాశి పెద్దమ్మను చూడుడు. రాజకుమారుడు చీకటిపడు వేళకు క్రొత్త పట్టణము చేరును. ఊరి మొదట ఒక ముసలమ్మ యిల్లు. ఆమె అన్నము పెట్టును, అరుగుమీద చోటిచ్చును, ఆ ఊరి రాజెవరో, ఏ వీథిన పోరాదో చెప్పును. ఈమె తోడ్పాటు లేక కోటలో అడుగుపెట్టిన వీరులు తెలుగు కథలలో అరుదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగిన పిమ్మట భిలాయి చేరిన తొలితరము తెలుగు కుటుంబములకు ఈమెను గూర్చి వేరుగా వివరింపనక్కరలేదు. శ్రీకాకుళమునుండియో విశాఖపట్టణమునుండియో రేకుపెట్టెతో దుర్గు స్టేషనులో దిగినవానికి హిందీ అంతంత మాత్రము, ఛత్తీస్‌గఢీ అసలే తెలియదు. క్వార్టరు దొరకువరకు ముందు వచ్చినవారి యింటనే పడక. ఆ యింటి యిల్లాలు ఇంత ముద్ద పెట్టి, బియ్యము ఎక్కడ దొరకునో, ఏ గేటు దగ్గర నిలువవలెనో చెప్పెడిది. అతడు ఆమెను "అక్కా" యనియో "వదినా" యనియో పిలిచెడివాడు. అతనికి పెండ్లియై, పిల్లలు పుట్టి, వేరు క్వార్టరు వచ్చిన తరువాతను ఆ పిలుపు మారలేదు.

కథకులు పెద్దమ్మకు చేసిన అన్యాయ మొకటి కలదు. కథ ముగియునప్పుడు రాజకుమారునికి అర్ధరాజ్యమును, మంత్రి కుమారునికి మంత్రిపదవియు లభించును; పెద్దమ్మకు పేరైనను ఉండదు. ఉక్కునగరపు కథయు అట్టిదే. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరని పుస్తకములలో నుండును. ఆ దినములలో ఏ యిల్లాలు ఎందరికి వండెనో వెదకినను దొరకదు.

చిలుకలో ప్రాణము మరియొక మూస. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణము వాని దేహములో లేదు. ఏడు సముద్రముల కావల నున్న చిలుకలో నున్నది. ఒకరి ప్రాణము వేరొకచోట ఎట్లుండునని పిల్లలు అడుగుదురు. భిలాయి పిల్లలకు సమాధానము చెప్పుట సులభము. ఫర్నేసు ప్రాణము సుమారు 90 కిలోమీటర్ల దూరమునగల దల్లీ–రాజహరా కొండలలో నున్నది. అచ్చటి ఎఱ్ఱని ఖనిజము రైలులో రాకున్నచో ఇచ్చటి మహాయంత్రము లేవియు కదలవు. ఆ కొండల నిల్వలు తరుగుచుండుటచేతనే రావ్‌ఘాట్ కొండలవైపు రైలుమార్గము వేయవలసి వచ్చినది. చిలుక రెక్కలు వదలినచో ఊరేమగునో పిల్లల కంటె పెద్దలకే బాగుగా తెలియును.

ఈ మూసలను చిరకాలము చేతబట్టి పనిచేసిన రచయిత దాసరి సుబ్రహ్మణ్యంగారు (1932–2010). 1947 జూలైలో ప్రారంభమైన చందమామలో "తోకచుక్క", "రాకాసిలోయ", "యక్షపర్వతం" మొదలగు ధారావాహికలు వారివే. వానిపై వారి పేరు అచ్చుపడలేదు. చదివిన పిల్లలు తలలు నెరసిన తరువాత గాని పలువురు ఆ పేరు తెలిసికొనలేదు. నెలనెల కథానాయకుని ప్రమాదపుటంచున నిలిపి, మరుసటి నెల విడిపించుట ఆయన ఉద్యోగము. అది ప్రేరణకొరకు ఎదురుచూచువాని పని కాదు, వేళకు డ్యూటీకి పోవువాని పని. అదే పత్రికలో విక్రమార్కుడు నెలనెల చెట్టెక్కి శవమును దించుచుండెను. రాత్రి షిఫ్టువారికి ఆయన మిక్కిలి దగ్గరి బంధువు!

ఛత్తీస్‌గఢ్ నేలకును తన కథ కలదు. దుర్గు ప్రాంతపు గనియారీ గ్రామమున 1956లో పుట్టిన తీజన్‌బాయి పండవానీ పాడెను. స్త్రీలు కూర్చుండి పాడుట ఆచారము కాగా ఆమె నిలుచుండి పాడెను; అందులకు కులమువారు ఆమెను వెలివేసిరి. ఆమె చేతిలోని తంబూర యొకప్పుడు భీముని గద, ఒకప్పుడు అర్జునుని ధనుస్సు. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారములో ఉద్యోగియు అయ్యెను. 2019లో పద్మవిభూషణ బిరుదము పొందెను. గద పట్టిన చేయియు, హాజరుపట్టీలో పేరును ఒకరివే.

ఇక పిల్లల సంగతి. ఇచ్చటి తెలుగు పిల్లలు పెక్కురు తెలుగు మాటలాడుదురు, కాని చదువు హిందీలోనో ఇంగ్లీషులోనో సాగును. చందమామ 2013 నాటికే ఆగిపోయెను. తెలుగక్షరము రాని పిల్లవానికి కథ చేరవలెనన్న నోటిమాటయే దారి. తండ్రి షిఫ్టునుండి వచ్చువేళకు పిల్లవాడు నిద్రించును, పిల్లవాడు లేచువేళకు తండ్రి నిద్రించును. "పేదరాశి పెద్దమ్మ" యను మాట ఆ రెండు నిద్రల నడుమ జారిపోవుచున్నది. హిందీలో ఆమెకు సరియైన పేరు దొరకదు.

2018లో పనిచేయ మొదలిడిన యెనిమిదవ ఫర్నేసునకు "మహామాయ" యని పేరిడిరి. అది రతన్‌పూర్ కోవెలలో వెలసిన అమ్మవారి పేరు. దాని కడుపు 4,060 ఘనమీటర్లు. పగలనక రాత్రియనక ఆరని అగ్ని. రాత్రి ఆకాశమున ఎఱ్ఱని వెలుగు చూచి, లోపల నెవరున్నారని పిల్లవాడు తెలుగున అడుగును. డ్యూటీనుండి వచ్చిన తండ్రి ఇంకను చెప్పులైనను విడువలేదు.