తిరగని బ్యాటరీ డ్రిల్లు



డ్రిప్పు గొట్టాలకు బెజ్జాలు వేయడానికి, షెడ్డు రేకులకు మరలు బిగించడానికి మీలో చాలామంది బ్యాటరీ డ్రిల్లు వాడుతున్నారు. పని మధ్యలో అది మొరాయించిందనుకోండి. మోటారు కాలిందని వెంటనే విప్పకండి.

ముందుగా, స్విచ్చికి పైనున్న చిన్న బొత్తాం చూడండి. కుడికీ ఎడమకూ కాక నడుమ నిలిచి ఉంటే స్విచ్చి నొక్కుడు పడదు. సంచిలో వేసినప్పుడు తరచు ఇలా జరుగుతుంది. తిరుగుతూనే బెజ్జం పడకపోతే వెనక్కు తిరుగుతున్నదేమో చూడవలెను. ముందున్న అంకెల వలయం తక్కువ అంకె మీద ఉంటే బరువు పడగానే టకటకమంటుంది. అది మరల బిగింపు మితిమీరకుండా చేసిన ఏర్పాటు. బెజ్జానికి డ్రిల్లు బొమ్మ గుర్తుకు తిప్పాలి. ఆ చప్పుడుకే పళ్లచక్రాలు అరిగాయని బజారుకు పరుగెత్తేవారున్నారు!

ఇక బ్యాటరీ. 18 వోల్టులదైతే లోపల 3.6 వోల్టుల లిథియం సెల్లులు వరుసగా కనీసం 5 ఉంటాయి. గట్టుమీద ఎండలో కాగిన బ్యాటరీని చార్జరు తీసుకోదు, నీడన చల్లారనివ్వండి. రేకు కొనలకు పట్టిన మట్టిని పొడిగుడ్డతో తుడవండి. పొరుగువారి దగ్గర అదే కంపెనీ, అదే వోల్టుల, అదే రకం బ్యాటరీ ఉంటే తొడిగి చూడండి. దానితో తిరిగితే డ్రిల్లు బాగున్నట్లే.

బ్యాటరీ ఉబ్బినా, చీలినా, ఘాటైన వాసన వచ్చినా చార్జింగు పెట్టవద్దు, విప్పనూ వద్దు. నిప్పు అంటుకోగలదు. గడ్డివామికీ ఇంటికీ దూరంగా ఉంచి, కొన్న దుకాణంలో అడగండి. 2022 నాటి నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే.