చార్మినార్ కంటే ముందు పుట్టిన వంతెన



వానాకాలంలో గోదావరి ఒడ్డు ఒరుసుకుని పారుతుంటే అవతలి గట్టు ఎంత దూరమవుతుందో ధర్మపురి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇవాళ రాయపట్నం వంతెన మీద బస్సెక్కి దాటిపోతున్నాం గానీ, మన పెద్దవాళ్లకు నది దాటడమంటే పడవవాడి కోసం ఎదురుచూడటమే. ఏరు దిగేదాకా ఇవతలి ఒడ్డునే పడిగాపులు కాసిన రోజులూ ఉండేవి. అందుకే నది మీద నిలిచిన ఒక పాత రాతి వంతెన గురించి మీకు చెప్పాలనిపించింది. అది హైదరాబాద్‌లో మూసీ మీద ఉన్న పురానాపూల్.

మన వైపు నుంచి పట్నం పోయినవాళ్లు చార్మినార్ చూస్తారు, లాడ్ బజార్లో గాజులు కొంటారు, తిరిగొస్తారు. అదే బజారు దారిన పడమరగా హుస్సేనీ ఆలం మీదుగా సుమారు రెండు కిలోమీటర్లు పోతే పాత నగరపు కోటగోడ దర్వాజా ఒకటి కనిపిస్తుంది. దాన్ని దాటితే వంతెనే. చార్మినార్ కట్టింది 1591లో. ఈ వంతెన పూర్తయింది 1578లో. అప్పటికి హైదరాబాద్ నగరమే లేదు. గోల్కొండ కోట కిక్కిరిసిపోయింది, జనం నది దాటి దక్షిణపు ఒడ్డుకు రావాలి, వంతెన పడింది, ఆ తర్వాతే అవతల ఊరు వెలిసింది. అందుకే హైదరాబాద్ కథను చార్మినార్‌తో మొదలుపెట్టడం నాకు సరిగా తోచదు.

కట్టించినవాడు ఇబ్రహీం కుతుబ్ షా. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ప్రభువు ఆయనే. అన్నకు భయపడి యౌవనంలో విజయనగరంలో రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు మీద మమకారం అక్కడే పట్టుకుంది. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. హుస్సేన్ సాగర్ కూడా ఆయన కాలంలో తవ్వించిందే.

రాకుమారుడు మహమ్మద్ కులీ ప్రియురాలి కోసం పొంగుతున్న మూసీలో గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణానికి బెదిరి తండ్రి ఈ వంతెన కట్టించాడనీ ఒక కథ ఉంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ రాకుమారుడు పుట్టింది 1565లో. వంతెన పూర్తయ్యేనాటికి పదమూడేళ్ల పిల్లవాడు. వంతెన అవసరం వర్తకానిదే. గోల్కొండ వజ్రాలు, మచిలీపట్నం రేవు సరుకులు, కార్వాన్ వర్తకుల బండ్లు నది దగ్గర ఆగిపోకుండా సాగాలి కదా. నన్నడిగితే, ఎడ్లబండ్లు తోలుకొచ్చిన ఆ పేరులేని జనం కోసం కట్టిన వంతెన అనుకోవడంలోనే దాని గొప్పతనం ఉంది.

ఇరవై రెండు కమానులు. పొడవు సుమారు 600 అడుగులు, నది అడుగు నుంచి ఎత్తు 54 అడుగులు. ఎండాకాలంలో పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూస్తే ఆ లోతు తెలుస్తుంది. కమాను పనిచేసే తీరు చూడండి. వంపుగా పేర్చిన రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలుస్తాయి. పైనుంచి పడిన బరువు రెండు పక్కలకూ జారి కాళ్లలోకి, అక్కణ్నుంచి నేలలోకి దిగిపోతుంది. మీద బరువు పడుతున్నకొద్దీ రాళ్లు ఇంకా బిగుసుకుంటాయి. సున్నపు గచ్చు వాటి సందులు పూడ్చి పట్టి ఉంచుతుంది.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వచ్చి, ఈ వంతెన అందంలో పారిస్‌లోని పాంట్ నఫ్‌కు పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. ఆ పారిస్ వంతెనకు పునాదిరాయి వేసింది కూడా 1578లోనే! అది పూర్తయ్యేసరికి 1607 వచ్చింది.

ఇక 1908 సెప్టెంబర్ 28. అనంతగిరి కొండల్లో పుట్టే చిన్న నది మూసీ మీద కుండపోత వాన. ఎగువన వందల చెరువులు తెగాయి. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ ఆ వరదకు ఆగలేకపోయాయి. మూడూ పురానాపూల్ కంటే ఎంతో తర్వాత కట్టినవే. అది మాత్రం దెబ్బతిని కూడా నిలబడింది. ఆ విషాదం తర్వాతే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి.

ఇప్పుడు బండ్లకు పక్కనే కొత్త వంతెన ఉంది. పాతదాని మీద కూరగాయల అంగడి సాగుతోంది. ఉల్లిగడ్డలు, టమాటాలు, కొత్తిమీర కట్టల మధ్య నడుస్తుంటే కింద నది ఉన్న సంగతే గుర్తురాదు. అమ్ముకునేవాళ్లను తరిమేయమని నేననను. నాలుగు వందల ఏళ్లుగా జనం తిరిగిన చోటు జనంతో ఉండటమే న్యాయం. కానీ చెత్త నదిలోకి నెట్టడం ఆగాలి. కమానుల సందుల్లో మొలిచే రావి మొక్కల్ని చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తీసేసి, ఆ సందుల్ని సిమెంటుతో కాదు, మళ్లీ సున్నపు గచ్చుతోనే పూడ్చాలి. సిమెంటు తడిని లోపలే బంధించి రాయిని తినేస్తుంది.

ఈసారి పట్నం పోయినప్పుడు పిల్లల్ని తీసుకుని పొద్దున్నే వెళ్లండి. అంగడి జోరందుకోకముందే కొత్త వంతెన మీద నిలబడి చూస్తే కమానుల వరస చక్కగా కనిపిస్తుంది.