తులసికోట మీద తెల్లపొర



నిన్న ఒక అక్క అడిగింది. "టీచరమ్మా, తులసికోట టైల్సు మీద తెల్లగా పట్టింది. సబ్బుతో రుద్దినా పోతలేదు. యాసిడ్ పోయాల్నా?"

వద్దక్కా! ముందు అదేమిటో తెలుసుకుందాం.

మన బాలాపూర్‌లో చాలామందిమి బోరు నీళ్ళు వాడతాం. అవి భూమిలో రాళ్ళ సందుల నుంచి వస్తాయి. వాటిలో సున్నం కరిగి ఉంటుంది. నీళ్ళు ఆరిపోతాయి. సున్నం మిగులుతుంది. నీళ్ళు కాచే గిన్నెలో అడుగున పట్టేదీ ఇదే.

సున్నం పులుపుకు కరుగుతుంది. బిందెలు తోమే చింతపండే దీనికి మందు.

నిమ్మకాయంత చింతపండు వేడినీళ్ళలో నానబెట్టండి. పిసికి గుజ్జు తీయండి. టైల్సు తడిపి గుజ్జు పూయండి. పావుగంట ఆగండి. కొబ్బరి పీచుతో మెల్లగా రుద్దండి. బాగా కడిగి, పొడిబట్టతో తుడవండి. పొర మందంగా ఉంటే మర్నాడు మళ్ళీ చేయండి. పులుపునీళ్ళు తులసి మొదట్లో పడనీయకండి. కడప బండల మీద మాత్రం పులుపు వాడొద్దు. అవి సున్నపురాళ్ళే. పాడవుతాయి.

యాసిడ్‌తో పొర తొందరగా పోతుంది. కాని చేతులు కాలుతాయి. కళ్ళు మండుతాయి. టైల్సు నడుమ సిమెంటూ పోతుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే విషవాయువు పుడుతుంది. ప్రాణానికే ముప్పు!

ఇంతకాలం సీసా రంగు చూసి కొన్నారు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. సీసా మీది అక్షరాలు చదవండి. చదివాకే ఇంట్లోకి తెండి.