భ్రాంతి, సంశయము: కారణవిచారము



మసక వెలుతురులో త్రాటిని చూచి పామని బెదరుట వేదాంతులు తఱచుగా చెప్పు దృష్టాంతము. అచట త్రాడైనను కలదు. దీపము తెచ్చినచో భ్రమ తొలగును. కాని త్రాడే లేనిచోట పామును చూచువారును, పలుకువారు లేకయే మాటలు వినువారును, అన్నములో విషము కలిపిరని ఇంటివారినే శంకించువారును కలరు. వారు బొంకుట లేదు. వారి మెదడు వారికట్లు తోపించుచున్నది. లోకము దీనిని గాలిచేష్ట యనియో, చేతబడి యనియో తలచి, అసలు కారణమును వెదకుట మానుచున్నది.

ఆ కారణములు పెక్కు. తీవ్రజ్వరమున పలవరించుట ఎల్లరెఱిగినదే. వృద్ధులకు మూత్రమార్గమున క్రిమిదోషము కలిగినను, రక్తములో ఉప్పు తగ్గినను ఒకటి రెండు దినములలోనే మతి తప్పవచ్చును. నిత్యము మితిమీరి మద్యము సేవించువాడు హఠాత్తుగా మానినచో రెండు మూడు దినములకు చేతులు వణకి, లేని పురుగులు ఒంటిపై ప్రాకుచున్నట్లు తోచవచ్చును, ఇది ప్రాణాపాయకరము. ఉమ్మెత్తగింజలును, గంజాయియు ఇట్టి వికారమును కలిగింపగలవు. చూపు మందగించినవారికి, బుద్ధి చక్కగా నున్నను, లేని మనుష్యులు కనబడుట కలదు. జెనీవా నగరవాసి షార్ల్ బొనే 1760లో తన తాతగారి యీ యనుభవమును గ్రంథస్థము చేసెను.

ఆహారలోపమును కారణమే. జొన్నయే ముఖ్యాహారమైన దక్కను పీఠభూమి పేదలకు పెల్లాగ్రా యను వ్యాధి వచ్చుచుండెడిది. ఎండ తగులు చర్మము నల్లబడును, విరేచనములగును, మతియు చలించును. నయాసిన్ అను విటమిను కొఱతయే దీనికి మూలము. హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమున డాక్టరు గోపాలన్ ప్రభృతులు దీనిని పరిశోధించి, జొన్నకును ఈ వ్యాధికిని గల సంబంధమును గూర్చి 1960లో ప్రకటించిరి. మంత్రములకు లొంగని ఆ మతిభ్రమ విటమినుతో కుదురుట ఎల్లరు గుర్తింపదగిన విషయము.

ఇక మనస్సును గూర్చి. పలు రాత్రులు నిద్ర లేకున్నను, ఆప్తులు గతించినను లేని పిలుపు వినబడవచ్చును. చెవుడు వచ్చి ఒంటరియైన వృద్ధునకు ఎదుటివారి గుసగుసలన్నియు తన్ను గూర్చినవే యని తోచవచ్చును. కాని యౌవనమున మొదలై నెలల తరబడి నిలుచు సంశయమును, అశరీరవాక్కులును స్కిజోఫ్రీనియా యను వ్యాధికి లక్షణములు కావచ్చును. ఇది తల్లిదండ్రుల పెంపకపు దోషము కాదు. 1952లో క్లోర్‌ప్రోమజీన్ మొదలుకొని దీనికి మందులు వాడుకలోనికి వచ్చినవి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో రోగులనుంచిన ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్నవారు పారిపోలేక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది.

కావున రోగితో వాదింపకుడు. వాని మాటకు ఔననియు అనకుడు. "భయపడకు, మేము నీ దగ్గరనే యున్నాము" అని ధైర్యము చెప్పి వైద్యుని కడకు కొనిపొండు. హఠాత్తుగా మతి తప్పినచో ఆ పూటయే ఆసుపత్రికి చేర్పవలెను. 14416 నకు ఫోను చేసినచో టెలిమానస్ వారు రేయింబవళ్లు ఉచితముగా సలహా చెప్పుదురు. ఇట్టివారిలో పెక్కురు తగిన చికిత్సతో కుదుటపడుదురు. ఆ మేలు వారికి దక్కునట్లు చూచుట బంధువుల విధి, ఇరుగుపొరుగుల విధి.